పన్నెండు తొనల భూమి: గ్లోబు తయారీ కిట్ మీద నా రివ్యూ

ఈ కిట్ నేను కొన్నది కాదు. రిటైరయ్యానని మా అమ్మాయి పంపించింది. అందుకని రివ్యూలు ముందే చదివే అవసరం రాలేదు. రెండు గ్లోబులూ (భూమిదొకటి, ఆకాశానిదొకటి) పూర్తిచేసి, చేతులకంటిన జిగురు కడుక్కున్నాక చదివాను. సగం మంది ఒక్క స్టార్ ఇచ్చి ఊరుకున్నారు. అందరిదీ దాదాపు ఒకటే గోల: ఆకాశం గ్లోబు అచ్చు తిరగబడింది, సప్తర్షి మండలం తోక ఒకవైపు వంగాల్సింది ఇంకోవైపు వంగింది, మాకు డిఫెక్ట్ పీసు అంటగట్టారు, డబ్బులు వాపసివ్వండి.

అది డిఫెక్ట్ కాదండీ. డిఫెక్టులు వేరే ఉన్నాయి, వాటి సంగతి వరసగా చెప్తాను. తిట్టాల్సినవి వదిలేసి, కంపెనీ సరిగ్గా చేసిన పనిని పట్టుకుని అందరూ తిడుతున్నారు.

ముందు ఆ గొడవ తేల్చేద్దాం. నక్షత్రాలన్నీ ఒక పెద్ద గోళానికి అతికి ఉన్నాయనుకోండి. భూమి ఆ గోళం నడిమధ్యలో ఉంది. మనం రోజూ రాత్రి చూసేది లోపల్నుంచి. గ్లోబు చేసినప్పుడు మాత్రం దాన్ని బయట నిలబడి చూస్తాం. గాజు తలుపు మీద లోపల రాసిన అక్షరాలు బయటికి ఎలా కనిపిస్తాయో ఇదీ అంతే. నేపుల్స్‌లోని పురావస్తు మ్యూజియంలో ఫర్నీస్ అట్లాస్ అని ఒక పాలరాతి విగ్రహం ఉంది. రోమన్ల కాలంది, క్రీ.శ. 2వ శతాబ్దానిది. బరువుకి వంగిపోయిన మనిషి భుజాల మీద సుమారు 65 సెంటీమీటర్ల గోళం, దాని మీద ఉబ్బెత్తుగా చెక్కిన నక్షత్ర మండలాల బొమ్మలు. అక్కడా బయటి చూపే. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1515లో అచ్చువేసిన నక్షత్ర పటంలోనూ బొమ్మలు మనకి వీపు చూపిస్తాయి, ఎందుకంటే వాటి మొహాలు లోపలున్న భూమి వైపు తిరిగి ఉంటాయి. ఈ కిట్‌లో వేటగాడు, అదే మన మృగశిర ఉండే చోట కర్ర ఎత్తి నిలబడేవాడు, అచ్చంగా అలాగే వీపు చూపించి నిలబడ్డాడు. ఆ బొమ్మలు గీసినవాళ్లకి పని తెలుసు.

కానీ కిట్‌తో ఇచ్చిన పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యం లేదు. ఆ ఒక్క వాక్యం ఉంటే అన్ని ఒంటి స్టార్లు పడేవి కావు. వాళ్లు అమ్ముతున్నదేమిటో వాళ్లకే తెలియదని నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి, లేకపోతే ఈ ముసలావిడ కాగితం గురించి ఇంత చాదస్తంగా ఎందుకు మాట్లాడుతోందా అనుకుంటారు. లైబ్రరీ బైండింగ్ సెక్షన్‌లో ముప్పై ఏళ్లు పనిచేశాను. కుట్టు, అట్ట, అట్టకి తొడిగే కాలికో గుడ్డ, జిగురు, ఇదే నా జీవితం. భూగోళమూ ఖగోళమూ చదువుకోలేదు. గ్లోబుల గురించి నాకు తెలిసిందంతా అట్టలూడి నా బల్ల మీదకొచ్చిన పుస్తకాల్లో చదువుకున్నదే. పుస్తకం ఆరేలోగా నాలుగు పేజీలు చదివే అలవాటు ఎప్పుడూ ఉంది.

పెట్టెలో ఏముందంటే: కాగితపు గుజ్జుతో అచ్చుపోసిన అరగోళాలు నాలుగు, అంటే 20 సెంటీమీటర్ల బంతులు రెండు తయారవుతాయి. అచ్చువేసిన షీట్లు ఆరు, గ్లోబుకి మూడు చొప్పున. ఒక్కో షీటులో నాలుగు తొనలు. తెల్ల జిగురు డబ్బా, వార్నిష్ సీసా, బ్రష్షు, ప్లాస్టిక్ రింగు, చెక్క స్టాండు. అచ్చు మాత్రం అద్భుతం. గీత ఎక్కడా చెదరలేదు, రంగులు కళ్లకి గుచ్చుకోవు.

తొన అన్నాను కదా, ఇంగ్లిష్‌లో గోర్ అంటారు. నాకు తొన అన్న మాటే సరిగ్గా అతికినట్టు అనిపిస్తుంది. కమలాపండు ఒలిస్తే వచ్చే తొనలాగా మధ్యలో వెడల్పు, రెండు కొసల్లో సూది. చదును కాగితం మీద అచ్చువేసి బంతి మీద పరచాలంటే అంతకంటే తేలిక దారి లేదు. ఇప్పటికి మిగిలిన భూగోళాల్లో అన్నిటికంటే పాతది 1492 నాటిది, జర్మనీలోని న్యూరెంబర్గ్ మ్యూజియంలో ఉంది. మార్టిన్ బెహైమ్ దగ్గరుండి చేయించాడు, వ్యాసం 51 సెంటీమీటర్లు. గుడ్డ పొరలు జిగురుతో పేర్చి బంతి చేసి, పైన చేత్తో బొమ్మలు వేశారు. దానికి పెట్టిన పేరు మాత్రం 'భూమి యాపిల్'. అమెరికా అందులో లేదు. చేత్తో వేసేదయితే ఒకటి చేస్తే ఒకటే. 1507లో వాల్డ్‌సీముల్లర్ అనే జర్మన్ పటాల తయారీదారు పన్నెండు తొనలు చెక్క దిమ్మలతో అచ్చువేశాడు. అతికిస్తే 11, 12 సెంటీమీటర్ల చిన్న బంతి అవుతుంది. అమెరికా అన్న పేరు భూగోళానికి ఎక్కింది ఆ తొనల మీదే. వాటిలో ఇప్పటికి మిగిలినవి ఎవరూ అతికించకుండా వదిలేసిన షీట్లే. అతికించిన కాగితం బతకడం ఎంత కష్టమో నన్నడగండి.

ఇక లెక్క. 20 సెంటీమీటర్ల బంతికి నడుము చుట్టుకొలత 62.8 సెంటీమీటర్లు. పన్నెండు తొనలు కాబట్టి ఒక్కోటి నడుము దగ్గర 52.4 మిల్లీమీటర్ల వెడల్పు, పొడవు 31.4 సెంటీమీటర్లు. నేను ఉక్కు స్కేలు పెట్టి కొలిచాను. కంపెనీవాళ్ల తొనలు సరిగ్గా అంతే ఉన్నాయి.

సమస్యల్లా అక్కడే ఉంది. సరిగ్గా అంతే ఉండకూడదు! కాగితానికి జిగురు రాస్తే తడిసి సాగుతుంది, బైండింగ్‌లో మొదటి రోజు నేర్చుకునే పాఠం ఇది. సాగడమైనా అన్ని వైపులా ఒకేలా ఉండదు. మిషన్ మీద తయారైన కాగితానికి గ్రెయిన్ ఉంటుంది, నారంతా ఒక దిక్కుకే పడుకుని ఉంటుంది. తడిస్తే నారకి అడ్డంగా ఎక్కువ సాగుతుంది, నిలువుగా పెద్దగా సాగదు. అనుమానమొస్తే కాగితం చించి చూడండి, గ్రెయిన్ వెంట తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చించితే వంకర టింకరగా పోతుంది. నాకు పాత అలవాటు కదా, మూడు షీట్ల అంచులూ చించి చూశాను. రెండు షీట్లలో గ్రెయిన్ తొన పొడవునా ఉంది. మూడోదాంట్లో అడ్డంగా ఉంది. ఖర్చు కలిసొస్తుందని షీటుని ఎటు పడితే అటు తిప్పి కోసి ఉంటారు.

దాంతో ఏమయిందో చూడండి. మొదటి ఎనిమిది తొనలూ తడిసి వెడల్పు పెరిగాయి, 52.4 కాస్తా 53 దాటింది. మిగతా నాలుగూ పొడవు పెరిగాయి, కొసలు మూడు నాలుగు మిల్లీమీటర్లు ధ్రువం దాటి అవతలికి పోయాయి. ఎనిమిది తొనల దగ్గర తలా కొంచెం కలిసి, చివరి తొన వచ్చేసరికి అయిదు మిల్లీమీటర్ల చోటు తగ్గింది. ఈ గ్లోబు మీద ఒక మిల్లీమీటరంటే 64 కిలోమీటర్లు. అంటే 320 కిలోమీటర్ల భూమి నా చేతిలో మిగిలిపోయింది, పెట్టడానికి చోటు లేదు. నయం, చివరి అతుకు పసిఫిక్ మధ్యలో పడేలా మొదలుపెట్టాను. పుస్తకంలో గ్రీనిచ్ రేఖ దగ్గర మొదలుపెట్టమని ఉంది. అలా మొదలుపెట్టి ఒక చుట్టు తిరిగొస్తే ఆ అయిదు మిల్లీమీటర్లూ ఇంగ్లండ్ మీద పడతాయి.

పాతవాళ్లకి ఈ బాధ లేదని కాదు. చేత్తో తయారుచేసిన కాగితంలో నార దిక్కు తేడా తక్కువ. అయినా అదీ సాగేదే, అందుకని సాగేది ముందే లెక్కేసి గీసేవారు. కిట్‌లో ఇచ్చిన తెల్ల జిగురుతో ఇంకో చిక్కు: నిమిషంలో పట్టేస్తుంది, తొనని జరిపి సర్దడానికి టైమివ్వదు. నేను దాన్ని పక్కన పడేసి మైదా జిగురు కాచుకున్నాను, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి. కాగితానికి రెండు వైపులా తడి పట్టించి, అయిదు నిమిషాలు నాననిచ్చి, నడుము దగ్గర మొదలుపెట్టి రెండు కొసల వైపు ఎముక పుల్లతో మెల్లగా ఒత్తుకుంటూ పోవాలి. ఒత్తేటప్పుడు అంచులు ముడతపడతాయి, మధ్య భాగం లాగినట్టుంటుంది. చదునుది గుండ్రంగా మారే క్షణం అదే. వేళ్ల కింద కాగితం ఒప్పుకోవడం తెలుస్తుంది. ఈ కిట్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ పది సెకన్లు, ఒక్కో గ్లోబుకి పన్నెండుసార్లు.

ధ్రువాల దగ్గరికొస్తే ఆ సంతోషం కాస్తా పోయింది. పన్నెండు కొసలు ఒకే చుక్క దగ్గర కలవాలి. 80 డిగ్రీల అక్షాంశం దగ్గర తొన వెడల్పు 9 మిల్లీమీటర్లు, 85 దగ్గర నాలుగున్నర. తడిసిన కాగితం ఆ వెడల్పులో దారప్పోగులాగా తెగిపోతుంది. నా మొదటి గ్లోబు ఉత్తర ధ్రువం నలిపి పారేసిన బస్ టికెట్టులా తయారైంది. ఈ చిక్కుకి విరుగుడు కనిపెట్టి ఐదువందల ఏళ్లు కావస్తోంది. పటాలు గీయడంలో పేరుమోసిన మెర్కేటర్ 1541లో చేసిన 41 సెంటీమీటర్ల భూగోళంలో తొనల్ని 70 డిగ్రీల దగ్గర కోసేసి, ధ్రువాలకి విడిగా గుండ్రటి టోపీలు అచ్చువేశాడు. పన్నెండు సూది మొనల బాధ దాంతో పోయింది. అతుకు కాస్త తప్పినా టోపీ కింద దాగుతుంది. ఈ కిట్ చేసినవాళ్లు మెర్కేటర్ పేరు పెట్టె మీద వేసుకున్నారు, టోపీలు మాత్రం ఇవ్వలేదు. కస్టమర్ కేర్‌కి రాస్తే, "ధ్రువాలు ఎవరూ చూడరు మేడం" అని జవాబొచ్చింది.

రెండో గ్లోబుకి నేనే టోపీలు చేసుకున్నాను. 70 నుంచి ధ్రువం దాకా 20 డిగ్రీలు, అంటే ఈ బంతి మీద మూడున్నర సెంటీమీటర్లు, అంత వ్యాసార్ధంతో వృత్తం. మా మనవరాలి కంపాసు అడిగి తీసుకున్నాను. చదును బిళ్ల అంచు చుట్టుకొలత దాదాపు 22 సెంటీమీటర్లు, బంతి మీద ఆ చోటు ఇరవై ఒకటిన్నరే. ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడాని తడి కాగితం ఒత్తితే మింగేస్తుంది.

ఇక బంతి. రెండు అరగోళాలు కలిపితే నడుము చుట్టూ గట్టు వస్తుంది, కాగితం అతికించాక అది భూమధ్యరేఖ మీద కొండల వరసలా తేలుతుంది. పుస్తకంలో "తేలికగా సాండ్‌పేపర్ కొట్టండి" అని ఉంది. సాండ్‌పేపర్‌తో గుజ్జు బంతి నూగులేస్తుంది తప్ప నునుపవదు. పాత పద్ధతిలో అట్ట బంతి మీద సుద్దో ప్లాస్టరో జిగురుతో కలిపి పొరలు పొరలుగా పూసి, అర్ధచంద్రాకారపు లోహపు రేకుకి ఆనించి బంతిని తిప్పేవారు. ఎక్కువున్నది గీసుకుపోతుంది, తక్కువున్నచోట మళ్లీ పూయాలి. నేను దళసరి అట్టని పది సెంటీమీటర్ల వ్యాసార్ధంతో కోసి అదే పని చేశాను. మూడు పూతలు, రోజుకొకటి. ఇల్లంతా సుద్ద.

గుండ్రం అనేది ఎంత మొండిదో 16వ శతాబ్దపు డేనిష్ ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీకి బాగా తెలుసు. ఆయన సుమారు ఒకటిన్నర మీటర్ల చెక్క గోళం ఆగ్స్‌బర్గ్‌లో చేయించుకున్నాడు. అది బీటలిచ్చింది, గుండ్రం తప్పింది. పగుళ్లు పూడ్చి, పార్చ్‌మెంట్ పొరలు అతికించి, సరిగ్గా నిలుస్తుందో లేదో అని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండి, ఆ తర్వాతే ఇత్తడి రేకు తొడిగించి దాని మీద ఒక్కొక్క నక్షత్రం గుర్తు పెట్టుకుంటూ పోయాడు. 1728లో కోపెన్‌హాగెన్ తగలబడినప్పుడు అదీ పోయింది.

అతుకే లేని గోళాలు చేసినవాళ్లూ ఉన్నారు, మొఘలుల కాలంలో లాహోర్, కశ్మీర్ ప్రాంతాల్లో. మట్టి ముద్ద మీద మైనంతో నమూనా చేసి, మట్టి మూసలో పెట్టి, మైనం కరిగించి ఆ ఖాళీలోకి లోహం పోసేవారు. లోపల డొల్ల, పైన ఎక్కడా అతుకు లేదు. అలీ కశ్మీరీ ఇబ్న్ లుఖ్మాన్ 1589-90లో చేసిన ఆకాశ గోళం వాటిలో మొదటి తరానిది. 1980లలో ఆ గోళాలని పరిశీలించి జాబితా రాసిన చరిత్రకారిణి ఎమిలీ సావేజ్-స్మిత్ పుణ్యమా అని ఆ పనితనం ఎంతటిదో బయటపడింది. నాలుగు అట్ట చిప్పల గట్టు చదును చెయ్యడానికే నాకు మూడు రోజులు పట్టింది.

భూగోళం ఆరాక స్టాండులో పెట్టాను. మా మనవరాలు వచ్చిందే తడవుగా గిర్రున తిప్పింది. నాలుగైదు సార్లు తిప్పాక, "అమ్మమ్మా, ఇదెందుకు ఎప్పుడూ ఆఫ్రికా దగ్గరే ఆగుతోంది?" అంది. నేను గమనించనే లేదు. పసిఫిక్ వైపు అతుకు మీద కాగితం రెండు పొరలు, పైగా సుద్ద కూడా అటే దళసరిగా పూసినట్టున్నాను. బరువున్న వైపు కిందికి దిగి, ఆఫ్రికా పైకొచ్చి ఆగుతోంది. పాత తయారీదారులు బంతి మూసేముందే లోపల చిన్న సంచిలో సీసపు గుళ్లు అమర్చి తూకం సరిచేసేవారు. పాత గ్లోబులు విరిగినప్పుడు ఆ సంచులు బయటపడతాయి. కిట్‌లో సీసం ఇవ్వలేకపోవచ్చు, పిల్లలుంటారు, నాకర్థమవుతుంది. నాలుగు ఇనుప వాషర్లు ఇచ్చి, ఎక్కడ అతికించాలో చెబితే ఏం పోయింది?

ఆర్యభటుడు 499లోనే ఈ మాట చెప్పాడు. ఆర్యభటీయం గోళపాదంలో గోళయంత్రం ఎలా ఉండాలో ఒక శ్లోకం ఉంది: కాష్ఠమయం, సమవృత్తం, సమంతతః సమగురుం. చెక్కతో చెయ్యాలి, అంతటా గుండ్రంగా ఉండాలి, అన్నివైపులా బరువు సమానంగా ఉండాలి. దాన్ని పాదరసం, నూనె, నీళ్లతో కాలానికి సరిగ్గా తిరిగేలా చెయ్యమంటాడు. గుండ్రంతో పాటు బరువు సంగతి కూడా విడిగా చెప్పాడంటే, ఆఫ్రికా దగ్గర ఆగిపోయే గోళం ఒకటి ఆయన చేతిలోనూ తిరిగే ఉంటుందని నా అనుమానం.

రిపేరు ఇలా చేశాను. ఈ కిట్‌లో నిలువునా ఇరుసు లేదు, రెండు ధ్రువాల దగ్గర పొట్టి పిన్నులే ఉన్నాయి. దక్షిణం పిన్ను పీకి, ఆగినప్పుడు పైకొచ్చిన వైపుని కిందికి తిప్పి పట్టుకుని, గాలానికి కట్టే సీసపు గుళ్లు జిగురులో ముంచి ఆ రంధ్రంలోంచి జారవిడిచాను. ఒకటి వేసి చూడడం, మళ్లీ ఒకటి. మూడోదానికి కుదిరింది. ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగుతోంది. ఆకాశం గ్లోబుకి బుద్ధిగా అతికించకముందే తూకం చూసుకున్నాను.

పటాల గురించి రెండు మాటలు. అవి 17వ శతాబ్దపు డచ్చి గ్లోబుల బాణీలో కొత్తగా గీసినవి. కాలిఫోర్నియా దీవిగా ఉంది. దాని మీదా ఒకాయన కంప్లయింట్ పెట్టాడు. ఆ శతాబ్దంలో చాలా పటాల్లో అలాగే ఉండేది, చివరికి 1747లో స్పెయిన్ రాజు ఆరో ఫెర్డినాండ్ అది దీవి కాదని ఉత్తర్వు ఇవ్వాల్సొచ్చింది. ఆకాశం గ్లోబులో దక్షిణం వైపు నెమలి, ఊసరవెల్లి, ఎగిరే చేప, టుకాన్ పిట్ట ఉన్నాయి. 1595లో బయల్దేరిన డచ్చి ఓడల మీద కైజర్, హౌట్‌మన్ అనే ఇద్దరు నావికులు చూసి రాసుకున్న నక్షత్రాలవి. కైజర్ తిరిగి ఇల్లు చేరనే లేదు. ఇలాంటివి మొత్తం పన్నెండు మండలాలు, అవి మొదట కనిపించింది పుస్తకంలో కాదు, 1597-98లో డచ్చి పటాల తయారీదారు ప్లాన్షియస్ చేసిన గ్లోబు మీద. కిట్ పుస్తకంలో ఇవేవీ లేవు, వార్నిష్ పిల్లలకి దూరంగా ఉంచమని మాత్రం మూడుసార్లుంది.

స్టాండు గట్టిదే. గ్లోబుని ధ్రువాల దగ్గర పట్టుకునే ప్లాస్టిక్ రింగు మీద డిగ్రీలు లేవు, అది మాత్రం దారుణం. పాత గ్లోబులకి ఆ ఇత్తడి రింగే ప్రాణం. మీ ఊరి అక్షాంశానికి ధ్రువాన్ని పైకెత్తితే సూర్యుడు ఎప్పుడు ఉదయిస్తాడో లెక్క తేలేది. డిగ్రీలు లేని రింగు ఉత్త పట్టీ. వార్నిష్ పల్చగా రెండు పూతలు చాలు, ఎక్కువ పూస్తే ఇప్పుడే పసుపు తిరుగుతుంది. దానికి మూడొందల ఏళ్లు ఆగొచ్చు.

కొనొచ్చా అంటే, బైండింగో కాగితం పనో చేతికి అలవాటున్నవాళ్లు కొనండి, ఆ అచ్చుకే డబ్బులు గిట్టుతాయి. పిల్లలతో ఆదివారం సరదాగా చేద్దామనుకుంటే వద్దు, ధ్రువాల దగ్గర ఏడుపులే. కంపెనీవాళ్లు టోపీలు నాలుగు, వాషర్లు నాలుగు ఇచ్చి, షీట్లన్నీ ఒకే గ్రెయిన్‌లో కోయిస్తే నేను అయిదు స్టార్లిస్తాను. ఇప్పటికి మూడు.

ఆ మిగిలిపోయిన 320 కిలోమీటర్లు అడుగుతారేమో. చివరి తొనని మొదటిదాని మీదికి ఎక్కించి అతికించాను. అంచు గీతలా కనిపిస్తోందని, షీటు మూలలో అలంకారానికి వేసిన ఓడ బొమ్మ కత్తిరించి దాని మీద అంటించాను. తెరచాపలు ఎత్తుకుని పసిఫిక్‌లో బాగానే కుదిరింది. ఆ ఓడ కింద ఏముందని మా మనవరాలు ఇంకా అడగలేదు.